ఎర్ర బల్బు వెలిగితేనే వైద్యం

మంచి వైద్యం అంటే ఏమిటన్న విషయంలో, పందొమ్మిది వందల ఎనభై ఏడు నాటికి, ధర్మవరం పట్టణానికి ఎలాంటి సందేహమూ మిగల్లేదు. ఆ ఘనత బుడన్‌సాబ్ రేడియో రిపేరు అంగడి ముందున్న టీవీది. ప్రతి గురువారం సాయంత్రం అందులో ఒక ఆసుపత్రి సీరియల్ వచ్చేది. అది హిందీలో ఉండేది కనుక బుడన్‌సాబ్ పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు. రోగి అనని మాటలు కూడా చెప్పేవాడు. వీధి వీధంతా ముక్కు చీదుకుంటూ చూసేది.

చూడగా చూడగా జనం కొన్ని నిర్ణయాలకు వచ్చారు. భాగం రక్తి కట్టాలంటే రోగి మొదట్లోనే కుప్పకూలాలి. అతన్ని చక్రాల మంచం మీద పరుగున తోసుకెళ్లాలి. తలుపు మూసుకోవాలి, దాని పైన ఎర్ర బల్బు వెలగాలి, బయట భార్య ఏడవాలి. చివరికి డాక్టరు బయటికొచ్చి, కళ్లద్దాలు తీసి, కాసేపు ఏమీ మాట్లాడకూడదు. జబ్బు ఏదన్నది అంత ముఖ్యం కాదు.

ఈ కొలతలకు డాక్టరు గోవిందరాజులు తూగలేకపోయాడు. ఆయన నాడి చూసి, మాత్రలిచ్చి, "ఏం కాదు, పో" అనేవాడు. నిజంగానే ఏమీ అయ్యేది కాదు. అందుకే నమ్మకం పోయింది. "ఆయప్పకు ఏం తెలుస్తాదబ్బా? ఉరకడు, సెమటా పట్టదు" అని పెదవి విరిచి, జనం హిందూపురానికో పెనుకొండకో బస్సెక్కసాగారు. డాక్టరు గారి బల్ల మీద ఈగలు తప్ప ఎవరూ వాలడం లేదు.

ఆకలిని మించిన గురువు లేడు. గోవిందరాజులు కూడా టీవీ ముందు కూర్చుని పైచదువు పూర్తిచేశాడు. బుడన్‌సాబే వచ్చి ఆయన గది తలుపు పైన ఎర్ర బల్బు బిగించాడు. ఇక చూడండి! గజ్జికి కూడా తలుపు మూసి, బల్బు వేసి, బయటికొచ్చి కళ్లద్దాలు తీసేవాడు. ఆమడగూరు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్లకు లోపల తాగించేది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లే. అసలు మందు అదే. కానీ ఆ మాట చెబితే ఎవరూ తాగరు. అబద్ధం చిన్నది, మేలు పెద్దది అని ఆయన సర్దుకున్నాడు.

ఎండాకాలంలో ఒక గురువారం. టీవీలో రోగిని లోపలికి తోశారో లేదో, కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే తాడిమర్రి నుంచి కదిరప్పను బండిలో డాక్టరు దగ్గరికి తెచ్చారు. పొద్దుటి నుంచీ వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. వెంట భార్య అక్కమ్మ, బావమరిది చౌడప్ప ఉన్నారు.

గోవిందరాజులు గ్లాసుతో బండి దగ్గరికే పరుగెత్తాడు.

"ముందు ఇవి తాపమ్మా!"

చౌడప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏంటివి సామీ?"

"ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లప్పా. ఇదే మందు."

"అవి మా ఇంట్లోనూ ఉండాయి. ఉప్పునీళ్లు తాగేదానికి ఇంత దూరం వస్తామా? బల్బు ఎలిగించు సామీ."

"కరెంటు లేదు కదప్పా!"

"వచ్చేదాకా ఉంటాంలే."

అక్కమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. "పేదోళ్లమని నీళ్లు తాపి పంపొద్దు సామీ. అందరికీ చేసే వైద్యమే మా ఆయనకూ చెయ్."

బల్బు వెలగందే సూదీ వద్దు, నీళ్లూ వద్దన్నారు. గోవిందరాజులు బతిమాలాడు. బల్బు ఉత్తదేనని, ఇన్నాళ్లూ ఆడింది నాటకమేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. టీవీ ఆగిపోయి ఊరికే ఉన్న జనం చుట్టూ చేరి, "ఎంత మంచోడో సూడు, గొప్పలు చెప్పుకోడు" అని మెచ్చుకున్నారు.

కరెంటు వచ్చింది. ఎర్ర బల్బు వెలిగింది. అప్పటికే కదిరప్ప ప్రాణం పోయింది. డాక్టరు కళ్లద్దాలు తీశాడు. ఈసారి కన్నీళ్లకు ఏమీ కనబడక తీశాడు. నోట మాట రాలేదు.

"అచ్చం టీవీలో మాదిరే చేసినాడు" అని బుడన్‌సాబ్ కళ్లు తుడుచుకున్నాడు.

ఇంత ఘోరం జరిగాక పట్టణం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గురువారం సాయంత్రాలు కరెంటు తీయరాదని పెద్దలంతా కరెంటాఫీసుకు విన్నవించారు, అధికారులు దయతో అంగీకరించారు. అయినా ఊరికి మనశ్శాంతి లేదు. ఆ మధ్య అక్కమ్మ సంతకు వస్తే ఆడవాళ్లు చుట్టుముట్టి, ఆదుర్దాగా అడిగారు.

"ఏమ్మా, ఆ గురువారం మీ తాడిమర్రిలో కరెంటు ఉన్నిందంట గదా. టీవీలో లోపలికి తోసిన ఆయప్ప బతికినాడా?"