అతిథి మెడలో మగ పూలు

సాందీపని మహర్షి వద్ద సకల విద్యలూ అభ్యసించి కూడా భుజం మీది నాగలిని దించని బలరామదేవునికి సాష్టాంగ ప్రణామంతో ఈ కథ ఆరంభమవుతున్నది.

గద్వాల సమీపాన వెలసిన నవయువ కృషి విద్యాపీఠంలో సేద్యం ఎంత పవిత్రంగా బోధిస్తారంటే, గదికి మట్టి అంటుతుందని చెప్పులు బయటే విడిపిస్తారు. విత్తన పత్తికి క్రాసింగ్ చేయడం అక్కడ ప్రధాన పాఠం. సాయంకాలం ఆడ మొక్క మొగ్గలోని కేసరాలను గోటితో ఒలిచివేసి, గుర్తుగా ఎర్ర కాగితపు టోపీ తొడగాలి. మరునాటి ఉదయం మగ మొక్క పూవును తెచ్చి దానికి రాయాలి. మధ్యాహ్నం దాటితే ఆ మొగ్గ వ్యర్థం. పూలు ఉదయమే విచ్చుతాయి. తరగతులూ ఉదయమే నడుస్తాయి. ప్రకృతి తన వేళలు మార్చుకోనందున విద్యాపీఠం కాగితపు పూలతో పాఠం నడుపుతున్నది.

పత్తి రైతు బాలరాజు కుమార్తె, అక్కడి విద్యార్థిని సరిత సరిగ్గా ఈ పాఠంలోనే తప్పింది. ఆ ఉదయాలలో ఆమె కూలీలతో కలిసి చేనులో క్రాసింగ్ చేస్తుండటం వల్ల హాజరు చాలలేదు. “క్రాసింగ్ కోసం క్రాసింగ్ తరగతి మానుట క్రమశిక్షణారాహిత్యము” అని ప్రిన్సిపాల్ సామ్యూల్ గారు న్యాయంగానే తీర్పు చెప్పారు.

ఇంటి న్యాయం ఇంకా గట్టిది. బాలరాజుకు అనుభవం అపారం. ఆకు ముడుచుకుంటే తెంపుకొని మందుల దుకాణానికి పోతాడు; దుకాణదారు ఇచ్చింది తెచ్చి కొడతాడు; పంట నిలిస్తే తన అనుభవం, పోతే కాలమహిమ. అటువంటివాణ్ణి కూతురు ఎకరం చేను అడిగింది.

“అనుభవం లేనోళ్లకు చేను అప్పజెప్తరా బిడ్డా?”

“చేనియ్యకుంటే అనుభవం యాడికెల్లొస్తది నాయినా? మందుల దుకాన్లనా?”

తల్లి మణెమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. “ఒక్క పంట ఇచ్చి సూడరాదు జర!”

“సరే. కాయ మంచిగ పడితే చేను నీది. లేకుంటే పట్నంల నౌకరి సూస్కో. మల్ల చేను ముచ్చటెత్తొద్దు,” అన్నాడు బాలరాజు.

మొదట్లో సరిత గోరు లోతుగా దిగి మొగ్గలు రాలాయి. ఆమె పాఠం గుర్తు తెచ్చుకున్నది, తల్లి చేతి వాటం చూసింది, రెండూ కలిపింది. ఇలా కలపడం ఇరుపక్షాలకూ అవమానకరమని ఆమెకు తోచలేదు.

పూత ముమ్మరంగా ఉండగా విద్యాపీఠం “యువతా, సేద్యానికి తరలిరా” అనే మహాసభ తలపెట్టింది. బాలరాజుకు అనుభవరత్న బిరుదు, ముఖ్య అతిథికి పత్తి పూల దండ నిర్ణయమయ్యాయి. మగ వరుసల పత్తిని విత్తన కంపెనీ కొనదు గనుక వాటి పూలు కోసినా నష్టం లేదని ప్రిన్సిపాల్ గారు శాస్త్రీయంగా తేల్చారు. “ఒక్కనాటికి ఏంగాదు తియ్” అని అనుభవరత్న కూతురు చూసుకుంటున్న తన చేనే చూపించాడు.

సభనాటి ఉదయం సరిత చేనుకు వెళ్లేసరికి మగ వరుసలలో ఒక్క పూవు లేదు. నిన్న ఒలిచిన మొగ్గలన్నీ ఎర్ర కాగితపు టోపీలు పెట్టుకొని, మగపెళ్లివారు దిగని విడిదిలా దిగాలుగా ఉన్నాయి. కూలీల నోట దండ సంగతి విని ఆమె గంప చంకన పెట్టుకొని ఆటో ఎక్కింది.

వేదిక మీద అతిథి గర్జిస్తున్నారు: “యువత మట్టిని ముద్దాడవలెను! స్వేదము చిందించవలెను!” ఏసీ తగ్గించమని ఆయన సైగ చేస్తుండగా సరిత మెట్లెక్కింది.

“సార్, జర మెడ వంచుండ్రి.”

ఇదేదో స్థానిక సత్కారమనుకొని ఆయన వంచారు. ఆమె దండ తీసి గంపలో వేసుకున్నది.

“ఏందే, నా ఇజ్జత్ తీస్తున్నవ్!” అని శాలువాతో బాలరాజు లేచాడు.

“మొగ్గలు మాడిపోతున్నయ్ నాయినా. ఇజ్జత్ తర్వాత సూస్కుందం, పా!”

బాలరాజు శాలువా వంక చూశాడు, కిటికీలోని ఎండ వంక చూశాడు. “ఇద్దరం పడితే జల్ది అయితది,” అంటూ దిగాడు.

ప్రత్యక్ష ప్రదర్శన అద్భుతమని సభ చప్పట్లతో మారుమోగింది. ప్రిన్సిపాల్ గారు సరితకు ఆ ఒక్క పూట హాజరు మంజూరు చేశారు. ముందు వరుసలోని ఒక తండ్రి కన్నీరు తుడుచుకొని పక్కనున్న కొడుకుతో, “సూసినవా, సేద్యం ఎంత గొప్పదో! మంచిగ సదువుకో, లేకుంటే నీకుగూడ గదే గతి,” అన్నాడు.

పొద్దు నెత్తికెక్కేలోగా తండ్రీకూతుళ్లు దండలోని పూలన్నీ మొగ్గలకు రాశారు. కాయ నిండుగా పట్టింది. చేను సరితదైంది.

ఈ కథ విన్నవారికీ, చదివినవారికీ, సొంత బిడ్డలను నీడన దాచి పరుల బిడ్డలను సేద్యానికి సాదరంగా ఆహ్వానించే మనందరికీ, ఎవరో ఎండలో నిలిచి పండించిన అన్నం ఎన్నడూ తరుగకుండుగాక!