ఎడమవైపు ఒరిగిన మామగారి కారు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వాకిట్లో ఉన్న మామగారి కారును పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచడం, ఆపేయడం, వచ్చి మిషను ముందు కూర్చోవడం. నాలుగు రోజులు పొరుగూరు వెళుతూ మామగారు తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్లలో ఆ చెవి ఆయన జేబు దాటడం అదే మొదటిసారి. "స్టార్ట్ చెయ్యండి చాలు, కదపక్కర్లేదు" అని మూడుసార్లు చెప్పి మరీ వెళ్ళాడు.

మామగారు సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. గోడమీది ఫొటో వెంట్రుకవాసి పక్కకు జరిగినా భోజనం మధ్యలో లేచి సరిచేస్తాడు. వెనకాల అందరూ ఆయన్ని మిల్లీమీటరు అంటారు. పోయినేడాది తన చొక్కా చేతులు రెండూ ఒక్క పొడవు రాలేదని దర్జీతో మూడు నెలలు మాట్లాడలేదు. అంతటివాడు నమ్మి తాళంచెవి ఇస్తే ఈ మహానుభావుడు ఏం చేశాడయ్యా అంటే, నిన్న యూనిఫారాల మూటలు ఎనిమిది వెనక సీట్లో కుక్కి బడికి తోలుకెళ్ళాడు. దారిలో స్పీడ్ బ్రేకర్ మీద కారు ధబ్బున ఎగిరిపడింది. చీకటిపడ్డాక తెచ్చి వాకిట్లో పెట్టేశాడు.

ఇప్పుడు చూస్తే వెనక ఎడమవైపు కుంగి ఉంది. దర్జీ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. మెడలోని టేపు తీసి, చక్రం మీది అంచు నుంచి నేలదాకా రెండు పక్కలా కొలిచాడు. అంగుళమున్నర పైనే తేడా!

"ఇదిగో, కొంప మునిగింది! ఇటురా!"

భార్య పరుగెత్తుకొచ్చి చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది. "కదపొద్దన్నాడు కదండీ నాన్న!"

"మూటలు ఎక్కించింది నువ్వేగా?"

"ఎక్కించమన్నది మీరేగా! ఇవాళ సాయంత్రం నాలుగింటికే దిగుతాడు. ఇంక ఈ జన్మలో మన గడప తొక్కడు. నా మాట మీదేనండీ మీకా చెవి ఇచ్చింది." ఆమె గొంతు వణికింది. దర్జీకి మామగారి కోపం కన్నా ఆ వణుకే ఎక్కువ భయం పుట్టించింది.

కారును మెల్లగా వీధి చివర షెడ్డుకు తోలుకెళ్ళేసరికి మిస్త్రీ ఒక్కడే ఉన్నాడు. కారు వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. మంచి కారైతే ఒక్కసారి లేచి ఆగాలి. ఇది నాలుగుసార్లు ఊగింది. జాకీతో ఎత్తి కింద దూరి, "స్ప్రింగు అడుగు చుట్టు విరిగింది మాస్టారూ. షాక్ అబ్జార్బర్ నూనె కక్కేసింది" అన్నాడు.

నిన్నటి ఘనకార్యం చెప్పుకోవడానికి దర్జీకి నోరు రాలేదు. "అది ఎప్పట్నుంచో అంతేలెండి" అని అబద్ధమాడాడు.

"అవును, విరిగినచోట తుప్పు చూస్తుంటేనే తెలుస్తోంది" అన్నాడు మిస్త్రీ.

ఎంత బాగా నమ్మాడు అనుకున్నాడు దర్జీ. కాస్త ధైర్యం వచ్చి, "ఒక పని చెయ్యండి. కుడివైపు స్ప్రింగు కూడా ఒక చుట్టు కోసెయ్యండి, రెండూ సమానమైపోతాయి" అన్నాడు. పంట్లాం ఒక కాలు పొట్టైతే రెండోదీ అంతే చేసెయ్యడం అతని ఇరవయ్యేళ్ల అలవాటు.

మిస్త్రీ కారు కిందనుంచి తల బయటపెట్టి అతని మొహంలోకి చూశాడు. "ఇది కారు మాస్టారూ, లాగు కాదు."

జంటగానే మార్చాలన్నాడు. సరే, వెనక రెండు వైపులా కొత్తవి వేశాడు. దింపి చూస్తే వెనక భాగం ఠీవిగా లేచింది, ముందు భాగం సాష్టాంగపడింది. ముందువీ అరిగిపోయాయట, ఇన్నాళ్ళూ వెనకదాని వంకరలో తెలియలేదట. "అవీ మార్చెయ్యండి, మార్చెయ్యండి" అన్నాడు దర్జీ, చెమట తుడుచుకుంటూ.

ముందు చక్రాలు రెండూ ఊడదీశాక భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, నాన్న ఫోన్ చేశాడు. కారు వాకిట్లోనే ఉందా అన్నాడు. ఉందన్నా. అయితే స్టార్ట్ చేసి శబ్దం వినిపించమన్నాడు."

"చచ్చాం! ఏం చేశావ్?"

"ఏం చెయ్యను, ఫోను మీ మిషను పక్కన పెట్టి మోటారు తొక్కాను."

"నమ్మాడా?"

"నమ్మాడండీ, అదే వచ్చిన చిక్కు. ఇంజను సన్నగా మూలుగుతోందమ్మాయ్, ఎవరూ ముట్టుకోకండని ముందు బస్సే ఎక్కేశాడు. రెండింటికల్లా ఇక్కడుంటాడు!"

పన్నెండున్నరైంది. కొత్త స్ప్రింగును బిగించి అణిచిపెట్టి మిస్త్రీ నెమ్మదిగా మరలు తిప్పుతున్నాడు. తొందరపెడితే అది తన్నుకొచ్చి ఇద్దరి తలలూ పగలగొడుతుందన్నాడు. దర్జీ గడియారాన్నీ స్ప్రింగునీ మార్చి మార్చి చూశాడు. రెండోవైపు పూర్తయ్యేసరికి రెండుకి పావు తక్కువ. తాబేలులా నడుపుకుంటూ వచ్చి వాకిట్లో నిలిపి, తాళం తీసేలోపే గేటు చప్పుడైంది.

మామగారు కూతుర్ని పలకరించలేదు, చెప్పులు విప్పలేదు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆగాడు. సంచిలోంచి స్టీలు టేపు తీసి వెనక ఎడమవైపు కొలిచాడు. కుడివైపు కొలిచాడు. మళ్ళీ ఎడమవైపు కొలిచాడు. దర్జీ ఇంక తట్టుకోలేకపోయాడు.

"మామయ్యగారూ, తప్పంతా నాదే. అమ్మాయిది ఏం లేదు. మూటలేసి నేనే విరగ్గొట్టాను. అన్నీ కొత్తవి వేయించాను."

"మీరు విరగ్గొట్టడమేమిటి?" అన్నాడు మామగారు. "నాలుగేళ్లయింది అది విరిగి. నలభై రెండు మిల్లీమీటర్లు. ప్రతి ఆదివారం కొలుస్తున్నాను."

"మరి బాగు చేయించలేదేం నాన్నా?" అంది కూతురు.

"సరిగ్గా చేసేవాడు దొరకాలిగా! విసుగొచ్చి, దీన్ని మీకిచ్చేద్దామని కాగితాల మీద సంతకం కూడా పెట్టి తెచ్చాను. వెళ్ళిన ఊళ్ళో నాకు కొత్తది చూసుకొచ్చాను."

సంచిలోని కాగితాలు సగం బయటికొచ్చాయి. దర్జీ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వెళ్ళింది. మామగారు మరోసారి వంగి టేపు చూసుకున్నాడు. ఆయన మొహంలో తొమ్మిదేళ్లలో ఎన్నడూ కనిపించని సంతోషం కనిపించింది.

"తేడా సున్నా! ఇంత చక్కగా ఉన్న కారు పెట్టుకుని నాకు ఇంకోటి ఎందుకు?" కాగితాలు మడిచి లోపల పెట్టి, తాళంచెవి తీసుకుని, అల్లుడి భుజం ఆప్యాయంగా తట్టాడు. "మళ్ళీ కుంగినప్పుడు చూద్దాం లెండి అల్లుడుగారూ."

ఆనాటినుంచి మామగారి కారు ఎక్కినప్పుడల్లా దర్జీ వెనక ఎడమవైపే కూర్చుంటున్నాడు, కాస్త బరువుగా.