ఎనిమిది దాటిన వెన్న

మంచితనానికైనా ఒక హద్దుండాలని పాల సేకరణ కేంద్రం తీర్మానించింది మార్చి పదకొండున. ఆ పొద్దున పెద్దాయన నిన్నటి రొట్టెను వేడి పాలలో ముంచుకు తిని, గేదెను పితికి, క్యాను పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఆ గేదె ఆయన భార్య పెంచింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆయన పలకరిస్తే తల తిప్పి చూసేది అదొక్కటే.

వెన్న శాతం కొలిచే యంత్రం తొమ్మిది చూపించి కుయ్యిమంది.

"ఏం కలిపారు బాబాయ్?" అన్నాడు కేంద్రం అధికారి.

"ఏమీ కలపలేదు నాయనా."

"అదే నా అనుమానం. అందరూ ఏదో ఒకటి కలుపుతారు."

కొత్త నిబంధన ప్రకారం గేదె పాలలో వెన్న ఎనిమిది శాతం దాటకూడదు. (ఈ సంగతి గేదెకు తెలియజేసే బాధ్యత యజమానిదే.) మూడుసార్లు దాటితే సభ్యత్వం రద్దు. ఊళ్ళో పాలు కొనేది ఆ కేంద్రమొక్కటే. సభ్యత్వం పోతే దాణాకి దిక్కుండదు, గేదెను అమ్ముకోవాల్సిందే.

"పోనీ, కాసిని నీళ్ళు కలపనా?"

అధికారి చెవులు మూసుకున్నాడు. "మీరు కలిపితే కల్తీ బాబాయ్. మేం కలిపితే ప్రమాణీకరణ."

అని తనే కుళాయి తిప్పి రెండు చెంబులు పోశాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. "చూశారా, ఇప్పుడు స్వచ్ఛమైన పాలు!"

అలా నడివేసవి దాకా పాలు స్వచ్ఛంగానే సాగాయి. తర్వాత కేంద్రం మోటారు కాలిపోయింది. ప్రమాణీకరణకు నీళ్ళు లేక, పెద్దాయన పాలు పాలుగానే ఉండిపోయాయి.

"చివరి ధారలు దూడకి వదిలెయ్ అన్నయ్యా, వెన్నంతా వాటిలోనే ఉంటుంది," అంది వరసలో వెనకున్నావిడ.

మర్నాడు వదిలాడు. ఎనిమిదిన్నర.

"మా వదిన పెంపకం మరి, ఓ పట్టాన దిగొస్తుందా!" అందావిడ, కళ్ళొత్తుకుంటూ.

మూడో రోజుతో సభ్యత్వం రద్దయింది. కారణం: స్వచ్ఛతా లోపం.

ఆ సాయంత్రం అధికారి ఇంటికొచ్చాడు. పాపం, చెప్పులు బయటే విడిచాడు.

"రూలు బాబాయ్, నా చేతిలో ఏముంది? అమ్మితే మాత్రం బయటివాళ్ళకి అమ్మకండి. దూడతో సహా నేనే తీసుకుంటా. మా పిల్లలకి నీళ్ళపాలు పడవు."

పెద్దాయన లేచి గేదెకు గడ్డి వేసి వచ్చాడు.

"మీ ఇంట్లో యంత్రం లేదు కదా నాయనా?"

"ఇంట్లోకి అదెందుకు బాబాయ్!"

గేదెకు ఆ మాత్రం అదృష్టమైనా పట్టినందుకు సంతోషించి, అతన్ని సాగనంపి, గేదె తల తిప్పి చూడకుండా పెద్దాయన పాక తలుపు చప్పుడు కాకుండా వేశాడు.