తల ఊపిన పైలటమ్మ

ఆ రోజు పైలటమ్మ పెట్టుకున్న పని చాలా సులువైనది. పొద్దున యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ వైవా, మధ్యాహ్నం ఫ్లయింగ్ క్లబ్బులో మొట్టమొదటిసారి ఒంటరిగా విమానం నడపడం. డిగ్రీ చదువూ, పైలట్ శిక్షణా కలిపి చేస్తున్న పిల్లకు రోజులు ఇలాగే ఉంటాయి. పైలటమ్మ అన్న పేరు నాన్న పెట్టింది. ఆ పిల్ల ఇంకా పైలట్ కాలేదన్న చిన్న సంగతిని ఆయన పట్టించుకోలేదు.

చిక్కల్లా ఒక్కటే. కిందటి వారం గాలిలో ఉండగా కంట్రోల్ టవర్ వాళ్లు రేడియోలో ఏదో చెబితే, ఈ పిల్ల బుద్ధిగా తల ఊపింది. టవర్ చెప్పిన మాటను పైలట్ ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. అప్పుడే విన్నట్టు లెక్క. పక్కనే కూర్చుని నేర్పిస్తున్న కెప్టెన్‌కు ఒళ్లు మండిపోయింది.

"అంత దూరాన ఉన్నవాళ్లకి నీ తల కనపడుతుందా? ఇవాళ్టి నుంచి ఇంట్లోనైనా, వీధిలోనైనా ఎవరేం చెప్పినా తిరిగి చెప్పు, తర్వాతే చెయ్యి. అలవాటు కాకపోతే సోలో గీలో ఏమీ లేదు!"

వానలు దగ్గరపడ్డాయి. ఈ మధ్యాహ్నం తప్పితే మళ్లీ ఎప్పటికో. అందుకని ఆ పిల్ల కెప్టెన్ మాటను ఒంటబట్టించుకుంది, కాస్త ఎక్కువగానే.

"పాలు తాగి, గొడుగు పట్టుకెళ్లు," అంది అమ్మ.

"పాలు తాగి, గొడుగు పట్టుకెళ్తాను."

"వెటకారమా?"

"కాదమ్మా, ప్రాక్టీసు."

"పోనీలేవే," అన్నాడు నాన్న. "నీ మాట విన్నదని రుజువైనా దొరికింది."

వైవా తీసుకునే లెక్చరర్‌ను పిల్లలు జోలపాట సారు అంటారు. పాపం, పాఠం బాగానే చెబుతారు. కాకపోతే ఆ గొంతు వింటూ మెలకువగా ఉండగలవాళ్లు ఇంతవరకు ఆ యూనివర్సిటీలో చేరలేదు.

"కూర్చో," అన్నారు సారు.

"కూర్చుంటున్నాను."

"ఫోను కట్టెయ్."

"ఫోను కట్టేస్తున్నాను."

సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఏమ్మా, ఆటలుగా ఉందా? నోరు ముయ్యి!"

"నోరు మూసుకుంటున్నాను," అని ఆ పిల్ల నోరు మూసుకుంది.

"ఊఁ, సగటుకీ మధ్యగతానికీ తేడా ఏమిటి?"

జవాబు నాలుక చివర ఉంది. కానీ నోరు తెరవమని ఇంకా ఆదేశం రాలేదు. ఆ పిల్ల వేలితో పెదాలు చూపించింది.

"తెరిచి ఏడువు!" అని సారు బల్ల గుద్దారు.

ఆ చప్పుడుకు పక్కగదిలోని సాహిత్యం మేడమ్ పరుగెత్తుకొచ్చింది. ఆవిడది వెన్నలాంటి మనసు. వచ్చిన గొడవంతా దానితోనే వచ్చింది.

"కంగారు పడకు తల్లీ," అంది మేడమ్.

"కంగారు పడను."

"గట్టిగా ఊపిరి పీల్చు."

"గట్టిగా ఊపిరి పీలుస్తున్నాను."

"అయ్యో, ఎందుకిలా అన్నీ తిరిగి చెబుతున్నావమ్మా?"

"టవర్ కోసమండీ. అది నాతో మాట్లాడినప్పుడల్లా నేను తిరిగి మాట్లాడాలి."

మేడమ్ కళ్లు తుడుచుకుంది. "చూశారా సార్, పసిదాని నెత్తిన ఇంత చదువు రుద్దితే ఏమైందో! టవర్లు మాట్లాడుతున్నాయట!"

ఇద్దరూ కలిసి ఆ పిల్లను చెరో రెక్కా పట్టుకుని యూనివర్సిటీ ఆసుపత్రికి నడిపించారు. దారిలో అసలు సంగతి చెప్పబోయినప్పుడల్లా "నువ్వు మాట్లాడి అలిసిపోకు" అంది మేడమ్. అలాగే అలిసిపోనని చెప్పక తప్పలేదు.

డాక్టరమ్మ కలం తీసేసరికి ఆ పిల్లకు నిజంగానే భయం పట్టుకుంది. మతి చలించిందనో, ఒత్తిడనో ఒక్క ముక్క రాసిందంటే ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు విమానం దగ్గరికి రానివ్వరు. ఇన్నాళ్ల కష్టం ఆ కలం చివర వేలాడుతోంది.

"చెయ్యి చాపు," అంది డాక్టరమ్మ.

తిరిగి చెబితే పిచ్చి అంటారు, చెప్పకపోతే కెప్టెన్ మాట తప్పినట్టు. "చెయ్యి చాపుతున్నాను," అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో.

డాక్టరమ్మ బీపీ చూసింది. "నువ్వు పైలట్ ట్రైనింగులో ఉన్నావా?"

"ఉన్నానండీ. ఇవాళే నా సోలో."

"అదీ సంగతి. మా ఆపరేషన్ గదిలో నర్సులు చేసేది కూడా ఇదే. తిరిగి చెప్పకపోతే నేనే కేకలేస్తాను. నీకేం లేదు, నిక్షేపంలా ఉన్నావు. అవును గానీ, ఈయన ముఖమేంటి అలా కందగడ్డలా ఉంది?"

సారు వద్దంటున్నా పట్టీ చుట్టి చూసి, డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "ఇంత బీపీ పెట్టుకుని తిరుగుతున్నారా! కాసేపు కదలకుండా పడుకోండి."

సారు తల ఊపారు.

"తల ఊపితే కుదరదు, నోటితో చెప్పండి."

"పడుకుంటున్నానమ్మా," అన్నారు సారు నీరసంగా.

మాత్ర వేసుకుని పడుకున్న సారు మంచం పక్కనే వైవా జరిగింది. అరవకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ కాబట్టి ఆయన మెల్లగా అడిగారు. ఆ పిల్ల ప్రతి ప్రశ్ననూ తిరిగి చెప్పి, జవాబు చెప్పింది. ఆఖరి ప్రశ్న అయ్యాక సారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"నేనన్న మాట అన్నట్టుగా తిరిగి చెప్పినవాళ్లు నా సర్వీసులో లేరమ్మా. క్లాసులో అందరూ తలలు ఊపుతారు. అర్థమై ఊపుతారో, కునికిపాట్లో నాకెప్పుడూ తెలీలేదు."

ఊగిన తలల్లో తనదీ ఉందని గుర్తొచ్చి ఆ పిల్లకు సిగ్గేసింది, ఆయన మీద జాలీ వేసింది. "ఇకనుంచి నేను తిరిగి చెబుతాను సార్," అంది.

"వెళ్లు, వెళ్లి క్షేమంగా దిగు."

"వెళ్లి క్షేమంగా దిగుతాను సార్."

అన్నట్టే దిగింది. మధ్యాహ్నం పక్కసీటు ఖాళీగా ఉన్న విమానంలో, టవర్ చెప్పిన ప్రతి మాటనూ గొంతు తడబడకుండా తిరిగి చెప్పి, చక్రాలను మెత్తగా నేలకు తాకించింది. కెప్టెన్ చేతులు కట్టుకుని కోపంగా నిలబడ్డాడు, కళ్లలో నీళ్లు ఎవరూ చూడకుండా.

మర్నాడు జోలపాట సారు కొత్త ఉత్సాహంతో క్లాసుకు వచ్చారు.

"ఇకమీదట ఈ క్లాసులో ఎవరూ తల ఊపకూడదు. నేను చెప్పింది నోటితో తిరిగి చెప్పాలి. అర్థమైందా?"

పైలటమ్మ ఒక్కతే తిరిగి చెప్పింది. మిగతా క్లాసంతా బుద్ధిగా తల ఊపింది.