మాట్లాడకుండా తగ్గించిన బాకీ

చిత్రిక పట్టే మిషను కొనాలని ఈ ఏడు గట్టిగా అనుకున్నాను. నలభై ఏళ్లు చేత్తో చిత్రిక పట్టిన భుజం ఇక తనవల్ల కాదని చెప్పేసింది. మిషను రాకపోతే వడ్రంగం మానుకోవడమే. మానుకుంటే పగలంతా ఇంట్లో ఉండాలి. ఆ సంగతి నాకంటే మా ఆవిడను ఎక్కువ భయపెట్టింది.

ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. అప్పులు చూసే అమ్మాయి కంప్యూటరులో నా క్రెడిట్ రిపోర్టు తీసింది.

"తాతగారూ, మీ పేరు మీద పాత బాకీ ఒకటి వసూలు ఏజెన్సీకి వెళ్లింది. ఫ్రిజ్‌ది. తొమ్మిది వేలు. అది ఉండగా అప్పు రాదండీ."

ఫ్రిజ్ చల్లబరచడం మానేసింది. నేను వాయిదాలు కట్టడం మానేశాను. దానికీ దీనికీ చెల్లు అనుకున్నాను.

"అన్నీ కట్టేశానన్నావు కదయ్యా" అంది మా ఆవిడ.

"మానేశానన్నాను."

"ఎప్పుడన్నావు?"

"మనసులో."

దారిపొడుగునా ఆవిడది ఒకటే మాట. "రేపే మొత్తం కట్టెయ్. కట్టినట్టు కాగితం తీసుకో."

"పాడైపోయిన ఫ్రిజ్‌కి మొత్తం ఎందుకే?"

"పాడైంది ఫ్రిజ్. దాంతోపాటు నీ పేరు కూడా పాడుచేసుకుంటావా?"

నాకో పద్ధతి ఉంది. కలప అడితిలో ధర చెప్పగానే నేనేమీ అనను. దుంగకేసి చూస్తూ నిలబడతాను. కాసేపటికి అడితి యజమాని భరించలేక తనే తగ్గిస్తాడు. దాన్నే ఇక్కడా వాడదామని తీర్మానించుకున్నాను.

వసూలు ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఎత్తినవాడి గొంతు ఎంత తియ్యగా ఉందంటే, వాడికి తేనెగొంతు అని పేరు పెట్టుకున్నాను.

"తొమ్మిది వేలండీ" అన్నాడు తేనెగొంతు.

నేనేమీ అనలేదు.

"హలో... సరే, ఏడు చేద్దాం."

గోడకేసి చూశాను.

"పెద్దాయనా, ఉన్నారా? ఆరు. కాస్త ఊపిరైనా వినపడేలా తీసుకోండి. సరే, నాలుగు. అంతకంటే నావల్ల కాదు."

"ఊఁ" అన్నాను. బేరం మొత్తంలో నేను ఆడిన మాట అదొక్కటే.

నాలుగు వేలు కట్టి, రెండు నెలలాగి, మా ఆవిడకు చెప్పకుండా బ్యాంకుకు వెళ్లాను. ఆ అమ్మాయి మళ్లీ రిపోర్టు తీసి మొహం చిన్నబుచ్చుకుంది.

"మొత్తం కట్టలేదేమండీ? కొంత కట్టించుకుని మిగతాది వదులుకున్నామని వాళ్లు రాశారు. అప్పిచ్చేవాళ్లకు ఇదీ మచ్చే. ఏళ్ల తరబడి కనిపిస్తుంది."

"ఐదు వేలు మిగిల్చానమ్మా."

"ఆ ఐదు వేలే కనిపిస్తున్నాయండీ."

నేను నోరు మూసుకుని కంప్యూటరుకేసి చూశాను. అదేమీ తగ్గించలేదు.

ఇంటికొచ్చి అలాగే కూర్చున్నాను. మా ఆవిడ కుట్టు మిషను ఆపింది.

"అడితివాళ్లు భయపడతారేమో గానీ నేను భయపడను. ఏం చేసొచ్చావు?"

చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అది నా పద్ధతి. నా మీదే వాడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మర్నాడు తను కుట్టి కూడబెట్టిన ఐదు వేలు తీసుకెళ్లి ఏజెన్సీలో కట్టింది. పూర్తిగా తీరినట్టు కాగితం రాయించుకుని, నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు నడిచింది.

"మంచి పని చేశారు అమ్మమ్మగారూ" అంది ఆ అమ్మాయి. "పూర్తిగా కట్టినట్టు మారుతుంది. కానీ వాయిదాలు తప్పిన గుర్తులు ఇంకొన్నాళ్లు ఉంటాయి. తాతగారికి ఇప్పుడే ఇవ్వలేం."

"ఆయనకు ఎవరు ఇమ్మన్నారమ్మా? నాది తీసి చూడు."

తీసింది. కుట్టు మిషను వాయిదాలు మూడేళ్లు, ఒక్క రోజు ఆలస్యం లేకుండా. ఆ అమ్మాయి పక్క బల్ల ఆయన్ను కూడా పిలిచి చూపించింది. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను.

పది రోజులకు, ఆవిడ పేరు మీద ఇచ్చిన అప్పుతో చిత్రిక మిషను వచ్చింది. బండివాడు రసీదు పుస్తకం తీసి, యజమాని సంతకం కావాలన్నాడు. నేను చెయ్యి తుడుచుకుని ముందుకు వెళ్లాను. అంతలో మా ఆవిడ నా వెనక నుంచి వచ్చి సంతకం పెట్టేసింది.

బండివాడు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"పెద్దాయనా, అమ్మగారి దగ్గర పనిచేసేది నువ్వేగా? అలా నిలబడతావేం, ఆ పక్క పట్టు."

పట్టాను.