చల్లటి పెట్టెకు సభ్యత్వం లేదు

వేడెక్కనిది పాడదు!

మచిలీపట్నంలోని కృష్ణా డెల్టా శుద్ధ శ్రవణ సమాజం వారి నియమావళిలో ఇది మొదటి సూత్రం. రెండో సూత్రం ఏమిటని అడక్కండి. మొదటిదాన్ని అమలు చేసేసరికే సభ్యుల చేతులన్నీ బొబ్బలెక్కాయి. ఇక రెండోది రాసే చెయ్యి సమాజంలో మిగల్లేదు.

ఈ సూత్రాన్ని లోకానికి ప్రసాదించినవారు సమాజం అధ్యక్షులు నరసింహం గారు. సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దస్తావేజుల మీద ముద్ర కొట్టిన చెయ్యి ఖాళీగా ఉండలేక, రిటైరయ్యాక యాంప్లిఫయర్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. యాంప్లిఫయర్ అంటే మరేం లేదు, ఫోనుకీ చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోనుకీ నడుమ పెట్టే పెట్టె. పాటకు కాస్త బలం ఇస్తుంది. బజార్లో కొనుక్కోవచ్చు గానీ, కొనుక్కున్నవాణ్ణి సమాజంలో ఎవరూ పలకరించరు. సొంత చేతులతో అతుకులు పెట్టి తయారు చేసి, అధ్యక్షుల వారి చెవికి నివేదించి, ఆయన 'ప్రాణం ఉంది' అంటేనే సభ్యత్వం. ఆ పైన 'శ్రవణ రత్న' బిరుదు, దానికో ధ్రువపత్రం. నరసింహం గారి చెవి అంటే గుడివాడ నుంచి నాగాయలంక దాకా అంత గురి.

ఆ చెవి గురించి నరసింహం గారికి మాత్రమే తెలిసిన రహస్యం ఒకటుంది. పుట్టి బుద్ధెరిగి ఆయనకు ఏ రెండు యాంప్లిఫయర్ల మధ్యా తేడా వినిపించలేదు.

చెవుడు లేదు. వంటింట్లో చెంచా కింద పడితే వీధి వరండాలో ఉలిక్కిపడతారు. కానీ పాట ఏ పెట్టెలోంచి వచ్చినా ఆయనకు అదే పాట. సమాజం పెట్టిన కొత్తలో కార్యదర్శి కరీముల్లా గారు తన మొదటి పెట్టె తెచ్చి ముందు పెట్టారు. కరీముల్లా గారిది రోల్డ్ గోల్డ్ నగల వ్యాపారం. అందువల్ల ఆయనకు అసలైన వస్తువు మీద మహా పట్టుదల. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నరసింహం గారు హెడ్‌ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఏం చెప్పాలో తోచలేదు. తోచక చెయ్యి పెట్టె మీద వేశారు. పెట్టె పెనంలా కాలుతోంది. చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ కన్నీళ్లు చూసి కరీముల్లా గారికీ కన్నీళ్లు వచ్చాయి. నాదం ఇంతగా కదిలించడం తామెన్నడూ చూడలేదని సభ్యులు చెప్పుకున్నారు. అరచేతిని పంచెలో దాచుకుని నరసింహం గారు గంభీరంగా ఆ సూత్రం పలికారు. ఆ రోజు నుంచి ఆయన చెవితో వినడం మానేసి చేత్తో వినడం మొదలుపెట్టారు. పని సుఖంగా ఉంది. బాగా కాలితే రత్నం, గోరువెచ్చగా ఉంటే సాధన చెయ్యాలి, చల్లగా ఉంటే తిరస్కరించడమైనది.

సభ్యులు తెలివైనవాళ్లు. అధ్యక్షుల వారి మనసెరిగి మసలుకున్నారు. వేడిని బయటికి పంపడానికి పెట్టెకు అల్యూమినియం రెక్కలు బిగిస్తారు కదా, ఆ రెక్కలు కోసి పారేశారు. గాలి ఆడే చిల్లులను మైనంతో పూడ్చారు. ఆ మైనం పరీక్షలో కరిగి బల్ల మీదికి కారితే, నాదం ద్రవించిందని మెచ్చుకున్నారు. నాగాయలంకలో రొయ్యల చెరువులున్న నూకరాజు గారు ఇంకో మెట్టు ఎక్కారు. సాయంత్రమైతే చెరువుల్లో గాలి కొట్టే మోటార్లన్నీ ఒకేసారి తిరుగుతాయి, వోల్టేజి పడిపోతుంది. రొయ్యలు వాడుకోగా మిగిలిన కరెంటుతో సంగీతం వినడం అనాచారమని ఆయన బియ్యం బస్తా అంత పవర్ సప్లయ్ కట్టించి, దానికి మడి కరెంటు అని పేరు పెట్టారు. దాన్ని మోయడానికి ఇద్దరు కావాలి. దానిలోంచి ఎప్పుడూ గుయ్యిమని మోత వస్తుంది. ఆ మోతను సమాజం ఏకగ్రీవంగా తంబురగా గుర్తించింది.

అలా అందరూ హాయిగా కాలుతూ ఉన్న రోజుల్లో ఐశ్వర్య వచ్చింది. గుడివాడలో ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే అమ్మాయి. చేతి సంచీలోంచి అగ్గిపెట్టె అంత పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. లోపల చిన్న బ్యాటరీ ఉంది కాబట్టి గోడ కరెంటుతో పనే లేదు. నరసింహం గారు హెడ్‌ఫోను పెట్టుకున్నారు. అదే పాట. చెయ్యి వేశారు. మంచినీళ్ల కుండలా ఉంది.

"ప్రాణం లేదమ్మా. తిరస్కరించడమైనది," అన్నారు.

"వేడంటే వృథాగా పోయిన కరెంటే కదా సార్. పాటకీ దానికీ ఏం సంబంధం?" అంది ఐశ్వర్య.

ఆ పిల్ల అంతటితో ఊరుకోలేదు. వార్షిక పోటీలో పెట్టెలన్నిటి మీదా పట్టు వస్త్రం కప్పాలని, ఏది ఎవరిదో తెలియకుండా అధ్యక్షుల వారు విని తీర్పు చెప్పాలని అర్జీ పెట్టింది. గెలిచినదాని ముసుగు తీస్తే బయటపడేది తన పెట్టే అని ప్రతి సభ్యుడికీ లోలోపల నమ్మకం. అందుకని అర్జీ ఇట్టే ఆమోదం పొందింది. నరసింహం గారికి మాత్రం ఆ వారమంతా అన్నం సహించలేదు. పెట్టె కనపడకపోతే చెయ్యి ఎక్కడ వెయ్యాలి? చెయ్యి వెయ్యకపోతే తీర్పు ఎలా చెప్పాలి? ఇన్నేళ్ల చెవి ఒక్క రోజులో ఊడిపోతుందని భయం పట్టుకుంది. చివరికి తన పాత విద్యను గుర్తు తెచ్చుకుని నియమావళికి ఒక సవరణ జోడించారు. అధ్యక్షుల వారు నాద స్పందన గ్రహించు నిమిత్తం వస్త్రం కిందుగా ఒక చేతిని పోనివ్వవచ్చును.

పోటీ మే నెలలో ఒక ఆదివారం, నరసింహం గారి మేడ మీద. ఫ్యాను చప్పుడు నాదానికి అడ్డని ఫ్యాన్లు ఆపేశారు. పట్టు జుబ్బాలన్నీ ఒంటికి అంటుకుపోయాయి. నరసింహం గారి భార్య ఇందిరాదేవి గారు పొద్దున్నే ఇడ్లీలు వండి, కరెంటు హాట్‌కేసులో సర్ది పైకి తెచ్చారు. ప్లగ్గు బోర్డు బల్ల చివరే ఉంది కాబట్టి డబ్బాను అక్కడే పెట్టి స్విచ్చి వేసి వెళ్లిపోయారు. ఇంట్లో ఈ రత్నాలన్నీ కలిసి పీల్చే కరెంటుకు బిల్లు కట్టేది ఆవిడే. అయినా ఇన్నాళ్లూ ఒక్క మాట అని ఎరగరు.

కరీముల్లా గారు నియమం తప్పే మనిషి కాదు. పోటీదారులు పెట్టెలు పెట్టి బయటికి వెళ్లాక, బల్ల మీద కనిపించిన ప్రతిదాని మీదా వస్త్రం కప్పారు. చివర ఉన్న పెద్ద డబ్బా ఎవరో తెచ్చిన ఘనమైన పవర్ సప్లయ్ అనుకున్నారు. దాని పక్కనున్న బుల్లి పెట్టెను, దీనినీ కలిపి ఒకే వస్త్రం కింద చేర్చారు.

నరసింహం గారు వచ్చి కూర్చున్నారు. మొదటి హెడ్‌ఫోను పెట్టుకుని, వస్త్రం కిందికి చెయ్యి పోనిచ్చారు. వేడి ఫరవాలేదు. రెండోది బాగా కాలింది. మూడోదానిలో గుయ్యిమని తంబుర వినిపించింది కాబట్టి నూకరాజు గారిదని తెలిసిపోయింది, కానీ ఆ రోజు వోల్టేజి తక్కువై పెట్టె పూర్తిగా వేడెక్కలేదు. చివరిదానికి వచ్చారు. అదే పాట. చెయ్యి పోనిచ్చారు.

ప్రాణం లేచొచ్చింది. ఇంత వేడి ఆయన సమాజం చరిత్రలోనే ఎరగరు. పైగా కొంచెం ఆవిరి కూడా తగిలింది. ఇక సందేహం లేదు. కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డారు. గాయని ఊపిరి తీసుకోవడం వినిపించిందన్నారు. ఆమె చేతి గాజు కదలడం వినిపించిందన్నారు. గాజు బంగారందని కూడా తెలిసిపోయిందన్నారు. ఇదే ప్రథమ బహుమతి, ఇకముందు పుట్టబోయే పెట్టెలకు ఇదే కొలమానం అని ప్రకటించారు.

సభ్యులందరూ వంతులవారీగా ఆ హెడ్‌ఫోను పెట్టుకుని చూశారు. కరీముల్లా గారికి రెండో చేతి గాజు కూడా వినిపించింది. నూకరాజు గారైతే హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తున్నంత నిండుగా ఉందన్నారు. అప్పుడు కరీముల్లా గారు బిస్మిల్లా అనుకుని, రెండు చేతులతో వస్త్రం ఎత్తారు.

తళతళలాడే స్టీలు డబ్బా. మూత సందులోంచి సన్నగా ఆవిరి. దాని నీడలో అగ్గిపెట్టె అంత బుల్లి పెట్టె.

చట్నీ గిన్నెతో అప్పుడే పైకి వచ్చిన ఇందిరాదేవి గారు గుమ్మంలో ఆగిపోయారు.

"ఏవండీ, ఇడ్లీల డబ్బాకి బహుమతి ఇచ్చారా?" అన్నారు.

ఐశ్వర్య ముందుకొచ్చి బుల్లి పెట్టెను చేతిలోకి తీసుకుంది. "పాడింది ఇది సార్. ప్రాణం లేదని మీరు తిప్పి పంపినది ఇదే."

నరసింహం గారికి భూమి చీలి అందులోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆ వెనకే, విచిత్రంగా, గుండెల మీద బరువేదో దిగినట్టూ అనిపించింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్ల నటన నిజంగానే అలసట. ఆయన హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, చేతులు జోడించారు.

"నాకు ఏ తేడా వినిపించదయ్యా. ఎన్నడూ వినిపించలేదు. వేడి చూసి చెబుతూ వచ్చాను. నన్ను క్షమించండి."

కరీముల్లా గారికి తన కొట్లో, రోల్డ్ గోల్డ్ గాజుల నడుమ అద్దం కట్టించి వేలాడదీసిన ధ్రువపత్రం గుర్తొచ్చింది. నూకరాజు గారికి 'శ్రవణ రత్న' అని కారు వెనక అద్దం మీద రాయించుకున్న అక్షరాలు గుర్తొచ్చాయి. అధ్యక్షుడికి వినిపించకపోతే ఇంతమంది రత్నాలు ఏమైపోవాలి?

కరీముల్లా గారు గొంతు సవరించుకుని లేచారు. అధ్యక్షుల వారు ఇప్పుడు మాట్లాడిన విషయం ఎజెండాలో లేదన్నారు. ఎజెండాలో లేని మాట పలికినా పలకనట్టేనన్నారు. ఆపైన, అధ్యక్షుల వారికి తేడాలు సంపూర్ణంగా వినిపించును అని ఒక తీర్మానం ప్రతిపాదించారు. నూకరాజు గారు బలపరిచారు. బొబ్బలున్న చేతులన్నీ పైకి లేచాయి.

ఐశ్వర్య ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది. నరసింహం గారు ఆ పిల్ల వైపు ఆశగా చూశారు. ఆమె బల్ల మీదున్న ప్రథమ బహుమతి పత్రాన్ని చూసింది. అధ్యక్షుడికి వినిపించకపోతే ఆ పత్రమూ చెల్లదు. చెయ్యి మెల్లగా భుజం దాకా లేచింది, తర్వాత నిటారుగా లేచింది.

"నేను వ్యతిరేకిస్తున్నాను," అంటూ నరసింహం గారు తన చెయ్యి ఎత్తారు.

"తమకు ఓటు లేదండీ. నియమావళి తమరే రాశారు," అన్నారు కరీముల్లా గారు వినయంగా.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇందిరాదేవి గారు నవ్వాపుకోలేక చట్నీ గిన్నె కింద పెట్టేసి, అందరికీ ఇడ్లీలు వడ్డించారు. ఇడ్లీలలో ప్రాణం ఉందని సభ్యులు అభిప్రాయపడ్డారు.

మరుసటి నెల సమావేశానికి శ్రవణ రత్న ఐశ్వర్య కొత్త పెట్టె తెచ్చింది. ఈసారి ఆటోలో తెచ్చింది, మోయడానికి ఇద్దరు వచ్చారు. నరసింహం గారు హెడ్‌ఫోను పెట్టుకుని, అలవాటుగా దాని మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సభ చప్పట్లు కొట్టింది. ఆ నీళ్లు చెయ్యి కాలినందుకు వచ్చినవి కావని గుమ్మంలో నిలబడ్డ ఇందిరాదేవి గారికి ఒక్కరికే అర్థమైంది.