కరిస్తే నీలమైంది

ఆదివారం పొద్దున లేస్తూనే గాబ్రియేలు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదికి పళ్ళు సరిచేసుకోవడం, తొమ్మిదికి తెల్లచొక్కా తొడుక్కోవడం, పదింటికి పత్తికొండ చర్చిలో వాక్యం చదవడం. ముప్పై ఏళ్ళు చదివినవాడే. పళ్ళన్నీ రాలి మాట గాలికి పోతుంటే, పాస్టరయ్యగారు ఆ పని హైస్కూలు మాష్టారు యేసుప్రసాద్‌కు అప్పగించారు. అతను బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచినట్టు చదువుతాడని గాబ్రియేలు కడుపుమంట. పాస్టరయ్యగారిని బతిమాలి తెచ్చుకున్న ఈ ఒక్క వారం తప్పిపోతే ఇక ఈ జన్మలో దక్కదని కూడా అతనికి తెలుసు. అందుకే కర్నూలు వెళ్ళి కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు. ఆ సంగతి భార్య రత్నమణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చర్చిలో నోరు తెరిచినప్పుడే ఊరంతా చూడాలని ముచ్చట.

కర్నూలు డాక్టరమ్మ పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కరవమంది. "రెండు పక్కలా ఒకేసారి తగలాల పెద్దాయనా. యాడ ముందు తగులుతాదో ఆడ నీలం మచ్చ పడతాది. దాన్ని కొంచెం అరగదీస్తా. సోమవారం మళ్ళా రా."

గాబ్రియేలుకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళుగా తలుపులు బిగిస్తున్న వడ్రంగికి ఈ విద్య నేర్పాలా? తలుపు ద్వారబంధానికి పట్టేస్తే సుద్ద రాయడం, మూసి చూడడం, మచ్చ పడ్డచోట చిత్రిక పట్టడం. సోమవారం దాకా ఆగడం చేతకానివాళ్ళ పని.

చాపలు పరచడానికి రత్నమణి ముందే చర్చికి వెళ్ళింది. గాబ్రియేలు బిల్లుపుస్తకంలోంచి కార్బన్ కాగితం చించి, నోట్లో పెట్టుకుని కరిచాడు. కుడివైపు మచ్చ పడింది. పళ్ళు తీసి ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దాడు. ఈసారి ఎడమవైపు ఎత్తయింది. అది రుద్దితే మళ్ళీ కుడివైపు. తొమ్మిదయ్యేసరికి పళ్ళ సంగతి ఎలా ఉన్నా, పెదవులూ నాలుకా గడ్డమూ మాత్రం నీలంగా తయారయ్యాయి.

అప్పుడే పక్కింటి వలి సాహెబ్ టమోటాల ఆటో వాకిట్లో ఆపాడు. చర్చి దగ్గర దింపుతానని మాటిచ్చాడు మరి. గాబ్రియేలు ముఖం చూడగానే ఆటోలోంచి కిందికి దూకాడు.

"ఏమైందన్నా! మూతంతా నీలమైపాయ!"

"ఏం లేదులేప్పా. కరిస్తే నీలమైంది," అన్నాడు గాబ్రియేలు ధీమాగా.

"కరిచిందా! యాడ కరిచింది?"

"కుడిపక్క శానా గట్టిగా కరిచింది. ఎడమపక్క కరవనే లేదు."

"యా అల్లా! పండ్లు ఎన్ని పడినాయి?"

ఇంత శ్రద్ధగా అడిగే మనిషి దొరికినందుకు గాబ్రియేలు పొంగిపోయాడు. "ఇరవై ఎనిమిది!"

వలి సాహెబ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. రెండు గాట్లు పడితే ఒక పాము. ఈ లెక్కన పద్నాలుగు పాములు కరిచి ఉండాలి. అతను గబగబా వేపరెమ్మ తుంచి తెచ్చాడు. విషం ఎక్కిన నోటికి వేపాకు చేదు తెలియదని ఆ వైపు నమ్మకం.

"బిన్నా, జల్దీ నమలన్నా!"

ఇదీ పళ్ళ పరీక్షే అనుకుని గాబ్రియేలు గర్వంగా నమిలాడు. కానీ గంటసేపు ఆకురాయి తిన్న పైపళ్ళు ఇప్పుడు కిందిపళ్ళను తాకడమే మానేశాయి. ఆకు నలగలేదు. నలగని ఆకుకు చేదెక్కడిది?

"చేదుండాదా అన్నా?"

"చేదేందప్పా? ఏమీ లేదు. ఇంగో గుప్పెడు పెట్టు."

అంతే, వలి సాహెబ్ అతన్ని ఎత్తి ఆటోలో వేశాడు. పాము సంగతీ గాట్ల లెక్కా పాస్టరయ్యగారికి ఫోన్లో అరిచి చెప్పి, ఆటో దౌడు తీయించాడు. ఆటో హోరులో ఆ మాటలు గాబ్రియేలుకు వినబడలేదు. చర్చి వచ్చింది, వెనక్కి పోయింది.

"ఓయప్పా, గుడి దాటిపోతాండావు! నాకు టైమైంది, నేను పోవాల!"

"అట్లనాకన్నా! నీకింకా టైము కాలేదు!" అని వలి సాహెబ్ ఏడుస్తూ వేగం పెంచాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నోరు తెరిపించగానే పళ్ళు రెండు వరసలూ చేతిలోకి వచ్చాయి. దూదితో తుడిస్తే నీలం పోయింది. "పామూ లేదు, పాడూ లేదు. ఈ పండ్లు మళ్ళా పెట్టుకోవద్దు. చేసినోళ్ళ దగ్గరికే పో," అన్నాడు ఆయన.

గాబ్రియేలు పళ్ళు జేబులో వేసుకున్నాడు. గడియారం పదిన్నర దాటింది. యేసుప్రసాద్ ఈపాటికి చదివేసే ఉంటాడు. ముప్పై ఏళ్ళ మర్యాద తన చేతి ఆకురాయితోనే అరిగిపోయిందని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

కానీ చర్చిలో ఎవరూ ఏదీ చదవలేదు. పదింటి నుంచీ అందరూ మోకాళ్ళ మీదే ఉండి అతని ప్రాణం కోసం ప్రార్థన చేస్తున్నారు. నడిచి వస్తున్న మనిషిని చూసి పాస్టరయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"గాబ్రియేలూ! నిన్ను పాము కరిచిందంటిరే!"

గాబ్రియేలు అబద్ధమాడే మనిషి కాదు. గుడిలో అసలే ఆడడు. వెన్ను నిటారు చేసి, బోసినోటితోనే అందరికీ వినబడేలా చెప్పాడు.

"నన్ను ఏ పామూ కరవలేదయ్యా. కరిచింది నేనే!"

పళ్ళున్నవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఎనిమిది గాట్లని విన్నప్పుడే అవి కట్టుడుపళ్ళ లెక్కని పోల్చుకున్న రత్నమణి, వెనక చాపమీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు అదురుతుంటే పక్కనున్న ఆడవాళ్ళు ఓదార్చారు.

యేసుప్రసాద్ తనంతట తానే వచ్చి పుస్తకం అందించి, రెండడుగులు వెనక్కి వేశాడు. "నువ్వే చదువు పెద్దాయనా. ఇంగమీద గూడా నువ్వే."

గాబ్రియేలు చదివాడు. సగం మాటలు గాలికే పోయాయి. అయినా ఒక్కరు కూడా దగ్గలేదు.

సాయంత్రం టమోటా మార్కెట్లో వలి సాహెబ్‌ను కనబడ్డవాళ్ళందరూ అడిగింది ఒక్కటే, పాము బతికిందా అని.